తొమ్మిది సీసాల బురద

మా ట్యాంకులకు ఒక్కోదానికి అరవై నాలుగు మెట్లు. ఈ లెక్క కచ్చితంగా తెలిసినవాళ్ళు మా ప్లాంటు మొత్తం మీద ఇద్దరే. ఒకటి నేను, రెండు నా మోకాలు. మిగతావాళ్ళంతా కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూసి, "అబ్బో, ఎంత ఎత్తో!" అనేసి వెళ్ళిపోయే బాపతే.

నేను ఆపరేటర్ని. ఊళ్ళోని మురుగునీరంతా మా దగ్గరికి వస్తుంది. నీటిని శుభ్రం చేసి వదిలేస్తాం. అడుగున మిగిలిన బురదను మూడు పెద్ద మూత ట్యాంకుల్లోకి తోస్తాం. లోపలికి గాలి పోదు. ఒంటి వేడి అంత వెచ్చదనంలో ఉంచితే, కంటికి కనపడని పురుగులు ఆ బురదను తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసుతో మా ఇంజన్లు తిరుగుతాయి. పేరు చెప్పగానే జనం ముక్కు మూసుకుంటారు గానీ, ఆ ముడిసరుకు పంపేది వాళ్ళే కదా!

చిక్కల్లా ఒక్కటే. ఆ బురదను కలుపుతూ ఉండాలి. పాలు పొయ్యి మీద పెట్టి గరిటె పెట్టకుండా వదిలేస్తే అడుగంటవూ, పైన మీగడ కట్టదూ? ఇదీ అంతే. కలపకపోతే పైన తెట్టు కడుతుంది, అడుగున ఇసుక పేరుకుంటుంది, మధ్యలో ఉత్త నీళ్ళు మిగులుతాయి. పురుగులకు తిండి అందదు. ఈ సంగతి మా ఆవిడకు ఒక్కసారి చెబితే అర్థమైంది. మా సార్లకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు. పాపం, వాళ్ళు బాగా చదువుకున్నారు.

ఆ సార్లు ముగ్గురు. మొదటి ట్యాంకులో పెద్ద రెక్కల మరను దింపి తిప్పించినాయన ఫ్యాను సారు. రెండో ట్యాంకులో, పైన పోగైన గ్యాసునే కంప్రెసర్‌తో లాగి అడుగునుంచి బుడగలుగా వదిలే ఏర్పాటు చేయించినాయన బుడగల సారు. మూడోదాంట్లో, బురదను బయటికి లాగి మళ్ళీ లోపలికి జోరుగా చిమ్మించేది పంపు సారు. ఎవరి ట్యాంకు వారికి ముద్దు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే బల్ల మీద టీ తాగే విద్య వాళ్ళకు బాగా పట్టుబడింది. "నీ రెక్కలకు గుడ్డపీలికలు చుట్టుకుంటాయి" అని ఒకరంటే, "నీ బుడగలు పిల్లలాటకి పనికొస్తాయి" అని ఇంకొకరు. బురదేమంటోందో ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా నాలుగో ట్యాంకు కట్టమని ఉత్తర్వు వచ్చింది. అందులో ఎవరి పద్ధతి పెట్టాలి? ముగ్గురూ మూడు వారాలు అరుచుకున్నారు. చివరికి మా పెద్దసారు ఒక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పారు. ఆయనకు ఏడాది పొడుగునా జలుబే. మా ప్లాంటులో అది వరం.

"పదిరోజులు మూడు ట్యాంకుల్లోనూ పైనుంచి ఒకటి, మధ్యనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి సీసా తీయండి. బురద ఎంత చిక్కగా ఉందో ల్యాబ్‌లో చూడండి. మూడు సీసాలూ ఒకేలా ఉంటే ఆ ట్యాంకు బాగా కలుస్తున్నట్టు. లేకపోతే లేనట్టు. ఎవరు గెలిస్తే వాళ్ళదే నాలుగో ట్యాంకు."

తీర్పు బంగారంలా ఉంది. కాకపోతే సీసాలు తీయాల్సింది నేను. రోజుకు నూట తొంభై రెండు మెట్లు ఎక్కడం, అన్నీ దిగడం. రోజుకొక సారు నాతోపాటు పైకి వచ్చి చూసి, "నా ఎదుటే తీయించాను" అనే కాగితం మీద సంతకం పెట్టాలి.

మొదటిరోజు వంతు ఫ్యాను సారుది. హెల్మెట్ పెట్టుకున్నారు. గడ్డం కింద పట్టీ బిగించుకున్నారు. తలెత్తి పైకి చూశారు. పట్టీ విప్పేశారు.

"ఇక్కణ్ణుంచే కనిపిస్తుందిలేవయ్యా, నువ్వు కానీ," అని జేబులోంచి పెన్ను తీశారు.

నేను ఎక్కాను. అబద్ధమెందుకు, ముప్పై ఏడో మెట్టు దాకా ఎక్కాను. అక్కడ మోకాలు కలుక్కుమంది. చతికిలబడ్డాను. కిందికి చూస్తే ఫ్యాను సారు అప్పటికే క్యాంటీన్ గుమ్మం దాటుతున్నారు. మొదటి ట్యాంకు కింద గదిలో, పంపు పక్కన, బురద కొళాయి ఒకటుంది. చేయి వేస్తే చాలు, వెచ్చగా ధారకడుతుంది. చూడొచ్చేదెవరు? దిగిపోయి తొమ్మిది సీసాలూ ఆ ఒక్క కొళాయి దగ్గరే పట్టేశాను. పైది, మధ్యది, అడుగుది అని చీటీలు మాత్రం శ్రద్ధగా అంటించాను.

రెండోరోజు బుడగల సారు మెట్ల దాకా కూడా రాలేదు. మూడోరోజు పంపు సారు ఆ కాగితాన్నే క్యాంటీన్‌కు తెప్పించుకున్నారు. పదిరోజులూ ఇదే తంతు. వాళ్ళు ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. ఎక్కావా అని వాళ్ళు నన్ను అడగలేదు, వస్తారా అని నేను వాళ్ళను పిలవలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఆ సీసాలు వెళ్ళేది మా అమ్మాయి చేతికి. అంటే మా అన్నయ్య కూతురు. ల్యాబ్‌లో మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తోంది. నెలాఖరుకు పర్మనెంటు చేస్తామని పెద్దసారు మాటిచ్చారు. అన్నయ్య పోయాక ఆ ఇంటికి దాని ఉద్యోగమే దిక్కు. పని విషయంలో మహా చాదస్తం. ఒక్కో గిన్నెను మూడుసార్లు కడుగుతుంది. నేను సీసాలు అందించినప్పుడల్లా ఒకటే పాట: "బాబాయ్, సీసాలో మూడోవంతు ఖాళీ వదులు. మూత బిగించకు. లోపల పురుగులు ఊరుకోవు, గ్యాసు వదులుతూనే ఉంటాయి. నిండా పోసి బిగిస్తే పేలిపోతుంది."

పదకొండోరోజు మీటింగు. పెద్దసారు, ముగ్గురు సార్లు, అమ్మాయి. గుమ్మం పక్కన నేను. అమ్మాయి లేచి చదివింది.

"సార్, తొంభై సీసాలు. అన్నిట్లోనూ వందకి మూడుంపావు. పైనా అదే, మధ్యా అదే, అడుగునా అదే. మూడు ట్యాంకుల్లోనూ అదే."

ఎవరి ట్యాంకు లెక్క విని వాళ్ళు ముందు చిరునవ్వు నవ్వారు. పక్కవాడి లెక్క కూడా అదేనని తెలిసి నవ్వు ఆపేశారు. తర్వాత నెమ్మదిగా బుర్రకెక్కింది, తాము గెలవకపోయినా ఓడిపోలేదని.

"అంటే మూడూ గొప్ప పద్ధతులే అన్నమాట," అన్నారు బుడగల సారు. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. నాకు కళ్ళనీళ్ళు తిరగాల్సింది గానీ, అమ్మాయి ఇంకా కూర్చోలేదు.

"సార్, ఇది కుదిరే పని కాదు. ఏ ట్యాంకుకా ట్యాంకు వేరు, పద్ధతి వేరు. ఇంత ఒకేలా ఎలా వస్తాయి? ఈ తొంభై సీసాలూ ఒకే చోట పట్టినట్టున్నాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది.

"ఏమ్మా, మేం సంతకాలు పెట్టాం. మా ఎదుటే తీశారు," అన్నారు పంపు సారు. "తప్పంటూ ఉంటే నీ ఓవెన్‌లో ఉండాలి, నీ త్రాసులో ఉండాలి."

"ఆడలేక మద్దెల ఓడని..." అంటూ ఫ్యాను సారు నవ్వారు.

పెద్దసారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, పైకెక్కే తీశావా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది. "సార్, మా బాబాయిని అడగక్కర్లేదు. ఆయన ఎక్కానంటే ఎక్కినట్టే. చిన్నప్పుడు నాకు త్రాసు ముల్లు చూడటం నేర్పింది ఆయనే. సీసాలు తర్వాత ఎక్కడో మారిపోయి ఉంటాయి."

ఛీ! అప్పుడైనా చెప్పాలి కదా! దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చివరికి నోట్లోంచి వచ్చిన మాట, "ఎక్కానండి."

ఇక పెద్దసారు తేల్చేశారు. ఫలితం సరైనదే, దాన్ని అనుమానించిన ల్యాబ్ మాత్రం సరైంది కాదు. ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నారు. మీరు నమ్మకపోతే నేనేం చేయను? నెలాఖరు నుంచి ల్యాబ్ పని బయటివాళ్ళకు ఇచ్చేస్తారట. అమ్మాయి రానక్కర్లేదట. ట్యాంకులు ఇంత చక్కగా కలుస్తున్నాయి కాబట్టి కలిపే టైము రోజుకు రెండు గంటలకు తగ్గించేస్తారట. శుక్రవారం రిపోర్టు మీద సంతకాలు. ఆ రోజే మోకాలి నొప్పిని లెక్కచేయకుండా పదిరోజులు మెట్లెక్కిన ఆపరేటర్‌కు ప్రశంసాపత్రం కూడా ఇస్తారట. ఆ ఆపరేటర్ ఎవరో చెప్పక్కర్లేదు కదా.

సాయంత్రం ల్యాబ్ మీదుగా వెళితే అమ్మాయి త్రాసు విప్పి బల్ల మీద పరిచి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కడ తప్పు చేశానో దొరకడం లేదు బాబాయ్," అంది. నేను టిఫిన్ డబ్బా మర్చిపోయానని ఏదో గొణిగి బయటపడ్డాను.

ఇంట్లో ముద్ద దిగలేదు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని సంగతంతా రాబట్టింది. అంతా అంటే, నాకు అనుకూలమైనంత వరకు. విని తాపీగా అడిగింది.

"ఏవండీ, మీరు మెట్లెక్కిన రోజు ఇంటికొచ్చి ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను?"

"అమ్మో, అయ్యో అని ఇల్లు పీకి పందిరేస్తారు. మోకాలికి మందు రాయమని నా ప్రాణం తీస్తారు. ఈ పదిరోజుల్లో ఒక్కరోజైనా రాయమన్నారా?"

నేను కంచంలో అన్నం కెలికాను.

"మందు సీసా మూత కూడా తీయలేదు నేను. మోకాలు నొప్పి, ఎక్కలేకపోయారు, సరే. నోటికేం నొప్పండీ? అది మీ కోసం అందరి ముందూ సాక్ష్యం చెబితే, దాని కూడు తీసి పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నారా?"

నా భార్య ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుంది. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. సిగ్గనేది ఉంటుందని యాభై రెండేళ్ళకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళాను. ముగ్గురు సార్లూ అక్కడే ఉన్నారు. చెప్పేశాను. ఎక్కలేదు, ఒకే కొళాయి, తొంభై సీసాలు, తప్పు నాది, ల్యాబ్‌ది కాదు. చెప్పి, ఇక తిట్లు మొదలవుతాయని తల దించుకున్నాను.

ఎవరూ తిట్టలేదు. ముగ్గురి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు. నేను ఎక్కకపోతే, వాళ్ళు ఎక్కి చూశామని పెట్టిన సంతకాలేం కావాలి?

"పాపం, వయసు," అన్నారు బుడగల సారు జాలిగా. "జ్ఞాపకం తప్పుతోంది. నేను స్వయంగా చూశాను సార్, మెట్టు మెట్టుకీ ఆయాసపడుతూ ఎక్కాడు."

"అన్న కూతుర్ని కాపాడుకోడానికి నింద నెత్తిన వేసుకుంటున్నాడు," అన్నారు పంపు సారు. "ఈ రోజుల్లో ఇలాంటి బాబాయి ఎవరికుంటాడండీ!"

"ప్రశంసాపత్రంలో ఇది కూడా రాయిద్దాం," అన్నారు ఫ్యాను సారు.

పెద్దసారు తుమ్మి, వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. బయటికి వచ్చి నిలబడ్డాను. అబద్ధం చెబితే ఒక్క మాటకే నమ్మారు. నిజం చెబితే వైద్యం చేయించుకోమంటున్నారు. దేశంలో ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

ఇక మిగిలింది అమ్మాయికి చెప్పడం. అది పెద్దసారుకు చెప్పడం కన్నా కష్టం. గిన్నెలు కడుగుతోంది. వీపు చూస్తూ చెప్పాను, మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక. నీళ్ళ చప్పుడు ఆగింది.

"నిన్న మా అమ్మతో అన్నాను," అంది వెనక్కి తిరక్కుండానే. "నాకు చేతకాలేదేమో అమ్మా, బాబాయి తెచ్చింది పాడుచేశానేమో అని."

"తప్పయిపోయింది తల్లీ."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అది బల్ల కింద నుంచి తొమ్మిది ఖాళీ సీసాలున్న పెట్టె తీసి నా చేతుల్లో పెట్టింది.

"పదండి. ఎక్కండి."

అంతవరకు నన్నెప్పుడూ 'నువ్వు' అనేది. ఆ 'అండీ' చెవిలో పడ్డాక ఎక్కక ఏం చేస్తాను?

ఎక్కాను. ముప్పై ఏడో మెట్టు మీద మోకాలు మళ్ళీ కలుక్కుమంది. ఈసారి కూర్చోలేదు. పైన గాలివాటం చూసుకుని, గ్యాసు వైపు వాల్వు కట్టేసి, నమూనాలు తీసే చిన్న మూత తెరిచాను. ఫ్యాను సారు ట్యాంకులో సీసా దించితే దిగలేదు. పైన తెట్టు గట్టుకట్టి ఉంది, కర్రతో పొడిచి బెజ్జం చేయాల్సి వచ్చింది. దాని కింద నీళ్ళు. బుడగల సారు ట్యాంకులో మూత తీయగానే నురగే నురగ, అడుగున మాత్రం కదలికే లేదు. పంపు సారు ట్యాంకులో అడుగుసీసా నిండా ఇసుకే. ఆయన పంపు ఓ మూలనున్న బురదనే తెచ్చి ఆ మూలకే పోస్తోంది. ఇంతకాలం దేనికోసం కొట్టుకున్నారు మహానుభావులు! మూడిట్లో ఒక్కటీ కలవడం లేదు. కానీ ఈ సంగతి ల్యాబ్ కాగితం మీద రాసిస్తే మాత్రం నమ్మేదెవరు?

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ ఎక్కి, తాజా సీసాలు తీసుకుని ప్రశంసాపత్రం అందుకోవడానికి వెళ్ళాను. ఎదురుపడిన అమ్మాయి పెట్టెలోకి తొంగి చూసింది. తొమ్మిది సీసాలూ గొంతు దాకా నిండి ఉన్నాయి. మూతలన్నీ బిర్రుగా బిగించి ఉన్నాయి. మర్చిపోయి బిగించానని చెప్పను. అమ్మాయి మూతల వైపు చూసింది, నా వైపు చూసింది, పక్కకు తప్పుకుని దారిచ్చింది.

పెట్టెను బల్ల మధ్యలో, కిటికీలోంచి ఎండపడే చోట పెట్టాను. ఇదేమిటని ఎవరూ అడగలేదు. ముగ్గురు సార్లూ మూడు ఉపన్యాసాలు తెచ్చుకున్నారు మరి. ఫ్యాను సారు ముప్పావుగంట మాట్లాడారు. పంపు సారు అరగంట. బుడగల సారు లేచి, "ఈ సమన్వయం, ఈ సమతౌల్యం..." అంటుండగా ఆయన ట్యాంకు సీసాయే ముందు పేలింది. మూత పైకప్పుకు తగిలింది. తెల్లచొక్కా మీద గుండీ నుంచి గుండీ దాకా బురద. ఆయన అరిచేలోపు రెండోది, ఆ వెంటనే మూడోది. రిపోర్టు మీద, ప్రశంసాపత్రం మీద, పంపు సారు కళ్ళజోడు మీద చక్కగా, సమానంగా పడింది. మా ప్లాంటులో బురద అంత బాగా కలవడం అదే మొదటిసారి.

పెద్దసారు జలుబు కూడా ఆ వాసన ముందు ఓడిపోయింది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మిగిలిన సీసాలను ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూశారు. ఒకటి నల్లటి ముద్ద. ఒకటి నీళ్ళు. ఒకటి ఇసుక.

"ఇవి ఎక్కడివి?"

"మీ ట్యాంకులవే సార్," అన్నాను. "ఈసారి పైనుంచి తీశాను. అప్పుడు తీయలేదని మొన్ననే చెప్పాను. నమ్మకపోతే రండి, అరవై నాలుగే మెట్లు."

ఆయన వచ్చారు. దాంతో ముగ్గురు సార్లకూ రాక తప్పలేదు. ఫ్యాను సారు ఇరవయ్యో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. బుడగల సారు చొక్కా సాకుతో కిందే ఆగారు. పంపు సారు ముప్పై ఏడో మెట్టు మీద కూలబడ్డారు. ఆ మెట్టు మీద నాకు అనుమానం మొదటినుంచీ ఉంది. పైన పెద్దసారు నా చేతిలోని పొడుగు కర్ర తీసుకుని మొదటి ట్యాంకు తెట్టులో గుచ్చారు. చెయ్యి వదిలేశారు. కర్ర నిటారుగా నిలబడింది. కమ్మీ మీదికి వంగి కిందికి కేకేశారు.

"ఏమండీ, మీ ఫ్యాను దేన్ని తిప్పుతోందండీ ఇన్నేళ్ళుగా?"

ఇరవయ్యో మెట్టు మీద ఫ్యాను సారు కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకున్నారు.

తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. ముగ్గురు సార్లూ కొత్త రిపోర్టు రాశారు: కలిపే పద్ధతుల్లో లోపమేమీ లేదు, మెట్లు మరీ ఎక్కువ, లిఫ్టు పెట్టించాలి. నా చేత సంజాయిషీ రాయించుకున్నారు, రెండు నెలలు సస్పెండ్ చేశారు. న్యాయమే. అమ్మాయి ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇక మీదట ఏ సీసా తీసినా పైకెక్కి చూసి సంతకం చేయాల్సింది ల్యాబ్‌వాళ్ళేనని పెద్దసారు ఉత్తర్వు వేశారు.

నేను తిరిగి పనిలో చేరి నెలయింది. ఇంటికి రాగానే మా ఆవిడ "నొప్పిగా ఉందా?" అని అడుగుతుంది. ప్రాణం పోతోందంటే, "మంచిది" అని మందు సీసా తెస్తుంది. వదిన మాత్రం ఇంకా మా గడప తొక్కలేదు.

అమ్మాయి రోజూ నాతో మెట్లెక్కుతుంది. సాయానికి కాదు, చూడటానికి. రెండు మెట్లు కిందుగా నా వెనకే వస్తుంది. నేను ఆగితే ఆగుతుంది. చెయ్యి అందించదు. పైన సీసా ఎత్తి చూపిస్తే వంగి చూస్తుంది, మూడోవంతు ఖాళీ ఉందో లేదో సరిచూస్తుంది. కాగితాన్ని కమ్మీ మీద పెట్టి, "నా ఎదుటే తీయించాను" అన్న మాట కింద సంతకం చేస్తుంది. మా ప్లాంటులో ఆ మాట నిజమవడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

నిన్న దిగేముందు ధైర్యం చేసి అడిగాను. "అమ్మడూ, ఇంకా కోపమేనా?"

అది కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"రేపు తొమ్మిదింటికి రెండో ట్యాంకు, ఆపరేటర్ గారూ," అంది. నేను ముందు దిగేదాకా అక్కడే నిలబడింది.